ఆఖరి బస్సు వెళ్లిపోయాక మిగిలే మనిషి

(మారుమూల ప్రాంతాల్లో వికలాంగుల హక్కుల కార్యకర్తలకు శిక్షణ ఇవ్వబోయేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కాస్త నెమ్మదిగా మాట్లాడతాను. నా మాటల్ని సంజ్ఞా భాషలో చెబుతున్నావిడ నన్ను అందుకోవాలి, ఆవిణ్ణి చూస్తున్న వెనక వరసవాళ్లకు ఒక్క మాట కూడా జారిపోకూడదు. వేగం పెరిగిందనిపిస్తే చెయ్యెత్తండి, ఆగుతాను.

నాకు పంపిన కాగితంలో 'డిసెబిలిటీ అడ్వకేట్లకు శిక్షణ' అని రాశారు. అడ్వకేట్ అనగానే మనవాళ్లకి నల్లకోటు కళ్ల ముందు మెదులుతుంది. ఇక్కడ ఆ అర్థం కాదు. ఆఫీసుకి తోడు వెళ్లే మనిషి, బడిలో చేర్చుకోమంటే ఎందుకు చేర్చుకోరని అడిగే మనిషి, అర్జీ ఏ బల్ల మీద ఆగిపోయిందో వెతికే మనిషి. అయినా కోర్టు భాషలోంచి ఒక మాట మనం అరువు తెచ్చుకోవాలి. వకాల్తా. వకాల్తా కాగితం మీద సంతకం కక్షిదారుడిది. అతను ఇస్తేనే మనకు నోరు విప్పే హక్కు. వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఈ చేతికర్రలు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాకూ శిక్షణ ఇచ్చారు. పెద్ద ఊళ్లో, మంచి హాల్లో, ఐదు రోజులు. చట్టం చెప్పారు, పథకాలు చెప్పారు, అర్జీ ఎలా రాయాలో చెప్పారు. అన్నీ పనికొచ్చేవే. ఆ తర్వాత నలుగురం కలిసి రోజుకి రెండు బస్సులు మాత్రమే వెళ్లే ఒక ఊరికి వెళ్లాం. పొద్దున దిగాం, చెట్టు కింద మీటింగు పెట్టాం, పదిహేను అర్జీలు రాయించాం. అందులో ఒకటి ఒక తల్లిది. చెవులు వినపడని కొడుకుని బడిలో కూర్చోనివ్వడం లేదని. ఆమెకు ధైర్యం చెప్పి వేలిముద్ర వేయించింది నేనే. సాయంత్రం బస్సుకి వెనక్కి వచ్చేశాం.

నెలన్నర తర్వాత మళ్లీ వెళితే ఆమె మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోయింది. జరిగింది పక్కింటివాళ్లు చెప్పారు. అర్జీ పైకి వెళ్లింది, పైనుంచి బడికి ఒక ఫోను వచ్చింది, ఆ కోపమంతా ఆమె మీద పడింది. 'మా మీద రాసిస్తావా' అని ఊరంతా అడిగారు. పిల్లాడికి బడి దొరకలేదు సరికదా, ఆమె పనికి వెళ్లే చోట కూడా మాటలు పడాల్సి వచ్చింది. ఆ నెలన్నరలో ఆమె పక్కన నిలబడి 'ఆ కాగితం రాయించింది మేం, మాట్లాడితే మాతో మాట్లాడండి' అనే మనిషి ఒక్కరు లేరు. మేం బస్సెక్కి వచ్చేశాం. ఆమె అక్కడే ఉంది.

ఇన్నేళ్లలో శిక్షణ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ తల్లి దగ్గర మొదలైంది. మారుమూల ఊరికి కావలసిన కార్యకర్త ఆఖరి బస్సు వెళ్లిపోయాక కూడా అక్కడ ఉండేవాడు, ఉండే ఆడమనిషి. అలాంటివాళ్లని ఎలా తయారుచెయ్యాలన్నదే మనం ఈ మూడు రోజులూ కూర్చుని ఆలోచించాల్సింది.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1978లో కజకిస్తాన్‌లోని ఆల్మా ఆటా నగరంలో ప్రాథమిక ఆరోగ్యం మీద ప్రకటన వచ్చాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ వికలాంగుల కోసం సామాజిక పునరావాసం, అంటే ఊళ్లోనే ఊరివాళ్ల తోడుతో సాయం అందించే పద్ధతి మొదలుపెట్టింది. దాని కరదీపిక 1989లో పూర్తి రూపంలో వచ్చింది. అందులో 30 శిక్షణ పాఠాలున్నాయి, నాలుగు మార్గదర్శకాలున్నాయి. ఆ నాలుగూ ఎవరికోసం రాశారో చూడండి: ఊళ్లో పనిచేసే పర్యవేక్షకుడికి, ఊరి కమిటీకి, బడి పంతులికి, వైకల్యం ఉన్న మనిషికి. నాలుగో పేరు నాకు చాలా ఇష్టం. అయితే ఆ రోజుల్లో ఎక్కువ దృష్టి వ్యాయామాల మీద, రోజువారీ పనులు నేర్పడం మీద ఉండేది. హక్కులు అడగడం, సంఘం కట్టడం అనేవి సాధికారత అనే పేరుతో ఒక పూర్తి విభాగంగా కనిపించేది 2010 నాటి మార్గదర్శకాల్లో.

అదే కాలంలో మెక్సికోలో, సియెర్రా మాద్రే కొండల్లో అహోయా అనే పల్లెలో ఇంకో ప్రయత్నం జరిగింది. దాని పేరు ప్రోహిమో. 1981లో మొదలైంది. డేవిడ్ వెర్నర్ అనే ఆయన, కండరాలు క్షీణించే జబ్బు ఆయనకే ఉంది, అప్పటికే అక్కడి పల్లెవాళ్లకు ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇస్తున్నారు. ఆ కార్యకర్తల్లో వైకల్యం ఉన్నవాళ్లు కొందరు ముందుకొచ్చి, వికలాంగులే నడిపే కేంద్రం పెట్టారు. చూపించుకోవడానికి వచ్చినవాళ్లు కొందరు అక్కడే ఉండిపోయి, పని నేర్చుకుని, తర్వాత వచ్చినవాళ్లకు నేర్పారు. ఊరి పిల్లల్ని కూడగట్టి ఆటస్థలం కట్టించారు. ఒకే షరతు, వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ అక్కడ కలిసి ఆడుకోవాలి. ఊళ్లో మార్పు ఇలా కూడా వస్తుందని నేను శిక్షణలో ప్రతిసారీ చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు మార్పంటే అర్జీ ఒక్కటే అనుకుంటారు.

చట్టం సంగతి. చట్టం నేర్పొద్దని నేను చచ్చినా అనను. 1977 ఏప్రిల్ 5న అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో వికలాంగులు ఒక ప్రభుత్వ భవనంలో బైఠాయించారు. ప్రభుత్వ నిధులతో నడిచే చోట్ల వికలాంగుల మీద వివక్ష చూపకూడదనే 504 సెక్షన్ చట్టంలో 1973లోనే వచ్చింది, అమలు నిబంధనల మీద మాత్రం ఎవరూ సంతకం పెట్టడం లేదు. మూడు వారాలు దాటి కూర్చున్నారు. లోపల ఫోన్లు కట్ చేస్తే, చెవిటివాళ్లు కిటికీల దగ్గర నిలబడి బయటివాళ్లతో సంజ్ఞా భాషలో మాట్లాడి కబుర్లు చేరవేశారు. ఏప్రిల్ 28న సంతకం అయింది. చాలామంది కథ ఇక్కడ ఆపేస్తారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత జరిగింది. బర్క్‌లీలో వికలాంగులే నడుపుతున్న స్వతంత్ర జీవన కేంద్రంవాళ్లు పడమటి రాష్ట్రాలన్నీ తిరిగి, ఆ నిబంధనలు ఏం చెబుతున్నాయో వికలాంగులకూ పిల్లల తల్లిదండ్రులకూ కూర్చోబెట్టి చెప్పారు. సంతకం పడినంత మాత్రాన దూరపు ఊళ్లో తల్లికి అది అందదని వాళ్లకి తెలుసు.

మన చేతిలో ఉన్న పెద్ద కాగితం వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం. 2006 డిసెంబరు 13న ఆమోదం పొందింది, 2008 మే 3 నుంచి అమల్లో ఉంది. మొత్తం బట్టీ పట్టించకండి. తొమ్మిదో అధికరణం, అన్నీ అందుబాటులో ఉండాలన్నది, పట్టణాల్లోనూ గ్రామాల్లోనూ అని స్పష్టంగా అంటుంది. ఇరవై ఐదు, ఇరవై ఆరు: వైద్యం, పునరావాసం వీలైనంతవరకు మనిషి ఉన్నచోటికి దగ్గరలో, గ్రామీణ ప్రాంతాల్లో కూడా, అందాలంటాయి. 'మీరే జిల్లా కేంద్రానికి రండి' అన్న అధికారికి చూపించడానికి ఈ రెండు ముక్కలు చాలు. మీ దేశపు చట్టంలో వీటికి సరిపోయే సెక్షన్లు ఏవో పక్కనే రాసిపెట్టుకోండి.

ఇక అసలు పనిలోకి వద్దాం. శిక్షణలో మొదటి రోజు నేను చట్టం తెరవను, ఆరు ప్రశ్నలు నేర్పుతాను. ఇవి నా సొంతం కాదు, ఐక్యరాజ్యసమితి గణాంకాల కమిషన్ కింద 2001లో ఏర్పడ్డ వాషింగ్టన్ గ్రూప్ తయారుచేసినవి. కళ్లజోడు పెట్టుకున్నా చూడటం కష్టంగా ఉందా? వినికిడి యంత్రం పెట్టుకున్నా వినడం కష్టంగా ఉందా? నడవడం, మెట్లెక్కడం? గుర్తుపెట్టుకోవడం, ఒకదాని మీద మనసు పెట్టడం? స్నానం, బట్టలు కట్టుకోవడం? మీ మామూలు భాషలో మీరు చెప్పేది ఎదుటివాళ్లకు తెలియడం, వాళ్లది మీకు తెలియడం? జవాబులు నాలుగు. కష్టమేమీ లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలు చెయ్యలేను. అంతే.

ఇవి ఎందుకో చెబుతాను. ఒక ఇంటికి వెళ్లాం, నాతో శిక్షణలో ఉన్న అమ్మాయి కూడా ఉంది. 'ఈ ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా అమ్మా?' అని అడిగింది. గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ 'లేరమ్మా, మా ఇంట్లో ఆ దోషం లేదు' అంది. అమ్మాయి పుస్తకం మూసి లేవబోయింది. నేను కూర్చోమని సైగ చేసి ఆరు ప్రశ్నలూ అడగమన్నాను. మొదటిదానికే పెద్దావిడ 'ఎదురుగా ఉన్నది నువ్వో మగపిల్లాడో గొంతు వింటేగానీ తెలీదు' అంది. మూడో ప్రశ్నకి, పెద్దకొడుకు పడిపోయిన దగ్గర్నుంచి మెట్లు దిగి వీధిలోకి రాలేదని చెప్పింది. ఎన్నాళ్లయిందంటే వేళ్లు లెక్కపెట్టింది. నాలుగేళ్లు. అతను లోపలి గదిలోంచి ఇదంతా వింటున్నాడు. 'ఎవరే వచ్చింది' అని కేకేశాడు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. వికలాంగులు అన్న మాట ఆవిడ దృష్టిలో పుట్టుకతో వచ్చే ఏదో శాపానికి పేరు. చూపు పోవడం వయసు, కొడుకు పడిపోవడం ఖర్మ. ఆస్ట్రేలియా ఆదివాసీ వికలాంగుల సంఘంవాళ్లు కూడా చెబుతుంటారు, తమ భాషల్లో వైకల్యం అనే మాటకు సరిసమానమైన మాటే లేదని. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి, మొత్తం మీద 130 కోట్ల మందికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 'మా ఊళ్లో ఇద్దరే ఉన్నారు' అని ఎవరైనా లెక్క చెబితే, అడిగిన తీరు మార్చి మళ్లీ వెళ్లమనండి.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన పాఠం. కాస్త ఎక్కువసేపు తీసుకుంటాను.

నగరంలో కార్యకర్త ఆఫీసులో కూర్చుంటాడు, వచ్చినవాళ్లు వస్తారు, సాయంత్రానికి ఎవరి దారి వాళ్లది. ఊళ్లో అలా కుదరదు. మీరు తయారుచేసే అమ్మాయి ఎవరి మీద ఫిర్యాదు రాయించాలో ఆయన ఆమెకు వరసకి బాబాయి కావచ్చు. పింఛను కాగితం ఆపిన గుమాస్తా వాళ్ల నాన్నకి అప్పిచ్చినవాడు కావచ్చు. బడి పంతులు ఆమెకు అక్షరాలు దిద్దించినాయన కావచ్చు. పొద్దున వాదించి, సాయంత్రం అదే పెళ్లిలో పక్కపక్కన కూర్చోవాలి. ఊరి మనిషే కావాలని గట్టిగా చెప్పేవాళ్లం మనం. ఊరి మనిషైనందుకు ఆమె మీద పడే బరువు కూడా మనమే లెక్కలోకి తీసుకోవాలి.

దీన్ని మేం నాటకంలా ఆడించి నేర్పుతాం. ఇద్దర్ని నిలబెడతాం. ఒకరు కార్యకర్త, ఒకరు ఆమె మేనమామ, అదే ఊరి బడి పెద్ద. 'ఏమ్మా, ఎత్తుకుని పెంచిన చెయ్యి మీదే రాస్తున్నావా' అని మొదలుపెడతాడు మేనమామ. అరవకుండా, ఏడవకుండా, బంధుత్వం తెంచుకోకుండా, అడిగిన విషయం మాత్రం వదలకుండా మాట్లాడాలి. మొదటిసారి అందరూ తడబడతారు. మూడోసారికి ఒకమ్మాయి ఇలా అంది: 'మామయ్యా, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఆ పిల్లాడు సోమవారం బడికొస్తాడు. ఏ బెంచీ మీద కూర్చోబెడతావో చెప్పు.' బెంచీ దగ్గరికి మాట వచ్చేసరికి ఎదురుగా నటిస్తున్నవాడికి ఏమనాలో తోచలేదు. అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కీ నేను చెబుతున్నాను, మాట బెంచీ దాకా తీసుకురండని.

బాబాయి మీదే రాయాల్సివస్తే, రాసేది పక్క ఊరి కార్యకర్త. ఇది ముందే ఏర్పాటు చేసుకోవాలి. అందుకే ఒక్కొక్కర్నీ విడిగా తయారుచెయ్యకండి, పక్కపక్క ఊళ్ల నుంచి ఇద్దరిద్దర్ని ఎంచుకోండి. మా పనిలో ఇంతగా ఉపయోగపడ్డ పద్ధతి ఇంకోటి లేదు.

ఇంకోటి, రహస్యం. చిన్న ఊళ్లో కార్యకర్త బండి ఒక ఇంటి ముందు ఆగిందంటే పొద్దుగుంకేలోపు ఊరంతటికీ తెలుస్తుంది. మతి స్థిమితం తప్పిన కూతురున్న ఇల్లు, కొట్టే మొగుడున్న ఇల్లు, ఆ బండి వల్లే బజార్న పడుతుంది. కాబట్టి ఎక్కడ కలవాలో వాళ్లనే అడగాలి. నీళ్ల దగ్గరా, పొలం గట్టు మీదా, ఆసుపత్రి వరసలోనా, వాళ్లు ఎక్కడంటే అక్కడ. పుస్తకంలో ఇంటిపేరు రాయకూడదు, ఒక గుర్తు చాలు. పుస్తకం ఇంట్లో ఎక్కడ దాచాలో కూడా శిక్షణలో మాట్లాడండి. ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు ఊళ్లో బతికినవాళ్లు అయి ఉండరు.

వకాల్తా దగ్గరికి వస్తానన్నాను. స్వీడన్‌లో వ్యక్తిగత ఓంబుడ్ అనే పద్ధతి ఉంది. స్కోనె ప్రాంతంలో 1995లో ప్రయోగంగా మొదలై, 2000 నుంచి దేశమంతా విస్తరించింది. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్లకు తోడుగా ఉండే మనుషులు వీళ్లు. డాక్టరు తరఫున కాదు, కుటుంబం తరఫునా కాదు, ఆ మనిషి ఏం చెయ్యమంటే అదే చేస్తారు. దరఖాస్తు ఫారాలేవీ ఉండవు, నాతో ఉంటావా అంటే సరే అంటే చాలు. ఆ నమ్మకం కుదరడానికి నెలలు పట్టవచ్చు. తలుపు తియ్యని మనిషితో ఉత్తరాలు వేసే సందులోంచి మాట్లాడిన ఓంబుడ్‌లు ఉన్నారు. మన దగ్గర ఇది ఎక్కడ దెబ్బతింటుందంటే, మనం వెళ్లగానే అన్నయ్య మాట్లాడతాడు, అమ్మ మాట్లాడుతుంది, మంచం మీదున్న మనిషి వైపు ఎవరూ తిరగరు. మన కార్యకర్త కూడా అన్నయ్య మొహం చూసే రాసుకుంటుంది. శిక్షణలో నేను ఒకటే గమనిస్తాను, కళ్లు ఎటు ఉన్నాయని. మాటలు రాని మనిషైనా సరే, ప్రశ్న ఆ మనిషినే అడగాలి, జవాబు కోసం ఆగాలి. ఆగడం నేర్పడానికి నాకు అర్జీ రాయడం నేర్పినదానికి రెట్టింపు సమయం పడుతుంది. నేను ఆ తల్లిని అడగని ప్రశ్న కూడా ఇదే: 'కాగితం పైకి పంపితే నీకేమవుతుంది, పంపమంటావా?'

దూరం గురించి. శిక్షణకి వచ్చినవాళ్ల చేత ఒక పని చేయించండి. ఊరి చివరి ఇంటి నుంచి ఆఫీసు దాకా, చక్రాల కుర్చీలో ఉన్న మనిషితో కలిసి, అతను ఒప్పుకుంటేనే, ప్రయాణం చెయ్యాలి. ఎన్నింటికి బయల్దేరారు, బస్సు ఎక్కించింది ఎవరు, డ్రైవరు ఆగాడా, తోడొచ్చినవాడు పోగొట్టుకున్న కూలి ఎంత, మరుగుదొడ్డి ఎక్కడ దొరికింది, కౌంటరు ఎత్తు ఎంత, ఏమని పంపించారు, ఎన్నింటికి ఇల్లు చేరారు. అన్నీ టైముతో రాయాలి. 'చాలా ఇబ్బంది పడుతున్నారండీ' అన్న మాటకు లేని బలం ఆ ఒక్క పేజీకి ఉంటుంది. అధికారి ముందు పెట్టి చూడండి.

వస్తువుల విషయంలోనూ అంతే. రాల్ఫ్ హాచ్‌కిస్ అని ఒక ఇంజనీరు, 1966లో ప్రమాదం జరిగి చక్రాల కుర్చీలోకి వచ్చినాయన. మట్టి దారుల్లో వాడేవాళ్లతో కలిసి కుర్చీలు తయారుచేస్తూ చాలా దేశాలు తిరిగారు. ఆయన కుర్చీలకు వాడిన వెడల్పాటి రబ్బరు ముందు చక్రాన్ని జింబాబ్వే చక్రం అంటారు, ఇసుకలో కూరుకుపోదు. పంపిణీలో వచ్చే ఆసుపత్రి కుర్చీల ముందు చక్రాలు సన్నగా ఉంటాయి, వాకిలి దాటవు. 'కుర్చీ ఇచ్చాం' అని లెక్కలో పడుతుంది, మనిషి మాత్రం ఇంట్లోనే ఉంటాడు. ఇచ్చిన మూడు నెలల తర్వాత ఆ కుర్చీ ఎక్కడుందో చూసి రావడం కార్యకర్త పనిలో భాగం చెయ్యండి.

శిక్షణ అయిపోయాక ఏమిటి? ఇక్కడే మనం ఎక్కువగా ఓడిపోతున్నాం. సర్టిఫికెట్ ఇచ్చి పంపించేస్తాం, ఆ అమ్మాయి ఒంటరిదైపోతుంది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రాజెక్ట్ ఎకో అని మొదలుపెట్టారు. అది హెపటైటిస్ సి అనే కాలేయ జబ్బు కోసం పెట్టింది, మన రంగం కాదు. కానీ పద్ధతి చూడండి. దూరపు ఊళ్లలో ఉన్న వైద్యులు వారం వారం తెర మీద కలుస్తారు, తమ దగ్గరున్న నిజమైన కేసు ఒకటి చెబుతారు, నిపుణులూ తోటివాళ్లూ కలిసి దారి వెతుకుతారు. మనకి వీడియో కూడా అక్కర్లేదు, సిగ్నల్ అందే చోటు ఒకటి వెతుక్కుని వారానికొకసారి గంటసేపు ఫోన్లో కలిసినా చాలు. వినపడనివాళ్లు ఉంటే వాళ్లకోసం రాతలో. పేర్లు చెప్పకుండా, ఒక్క కేసు. ఆ గంటలో 'నాకూ ఇలాగే అయింది' అన్న మాట వినపడితే, వచ్చే వారం దాకా ఆ అమ్మాయి నిలబడుతుంది.

జీతం గురించి రెండు మాటలే. సేవ అంటూ ఊరికే పనిచేయించుకోవద్దు. వైకల్యం ఉన్న కార్యకర్తకు తోడొచ్చే మనిషి ఖర్చు, ప్రయాణం ఖర్చు బడ్జెట్లో మొదటి వరసలో రాయండి. చివర రాస్తే ముందు కోసేది దాన్నే.

ఆ తల్లి దగ్గరికి మూడోసారి కూడా వెళ్లాను. ఈసారి బస్సు వదిలేసి ఆ ఊళ్లోనే నాలుగు రోజులు ఉన్నాను. ఆమె మాతో మాట్లాడటానికి మూడో రోజు దాకా పట్టింది. మాట్లాడినప్పుడు కూడా బడి ఊసెత్తలేదు, పిల్లాడు చేతులతో చేసే సైగలు నాకు చూపించి, 'ఇది ఆకలి, ఇది భయం, ఇది మా అమ్మ' అని చెప్పింది. ఆ ఊరి నుంచి మేం శిక్షణకి తీసుకున్న మొదటి మనిషి ఆమే.

సరే. టీ తాగి వచ్చాక ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఆ ఆరు ప్రశ్నలూ ఒకరినొకరు అడగండి, జవాబులు నిజంగా మీవే చెప్పండి. వినేవాళ్లు రాసుకోవద్దు, వినండి చాలు. నలభై నిమిషాల తర్వాత మళ్లీ ఇక్కడే కలుద్దాం.